రెండో ఏడాదిలో వచ్చిన ఉత్తరం

ఆ ఉత్తరం వచ్చేసరికి నేను టెక్కలిలో బీఎస్సీ రెండో ఏడాది చివర్లో ఉన్నాను. మా కెమిస్ట్రీ మేడమ్ పట్టుబట్టి పెట్టించిన దరఖాస్తుకి జవాబు అది. ఫిన్లాండులో ఒక యూనివర్సిటీ నన్ను ఫీజు లేకుండా చేర్చుకుంటానంది. కాకపోతే ఇక్కడి చదువులో ఒక ఏడాదే చెల్లుతుందట. అక్కడ మళ్లీ రెండో ఏడాదిలోనే కూర్చోవాలి. నెల లోపల ఏ సంగతో చెప్పమన్నారు.

ఆ నెలంతా నిద్రలో నడిచినట్టు నడిచాను. కవిటి దగ్గర మా ఊళ్లో, కొబ్బరితోటల కింద మధ్యాహ్నాలు కూడా పచ్చగా, నీళ్ల అడుగున ఉన్నట్టు ఉండేవి. ఆ వెలుగులో పోతూ పోతూ ఎన్నడూ చూడని వీధిలోకి, పొడుగాటి కిటికీల ముందుకి వెళ్లిపోయేదాన్ని. ఎక్కడో కొబ్బరిమట్ట రాలిన చప్పుడైతే మళ్లీ ఊళ్లో పడేదాన్ని.

అమ్మ పోయాక నన్ను పెంచింది మా పిన్ని. మా ఉద్దానం ప్రాంతంలో చాలామందికి వచ్చిన కిడ్నీ జబ్బే ఆమెకీ వచ్చింది. వారానికి రెండుసార్లు డయాలసిస్. ఒకసారి బాబాయి, ఒకసారి నేను పలాసలో రైలెక్కించి విశాఖపట్నం తీసుకెళ్లేవాళ్లం.

ఒక ఉదయం రైల్లో పిన్ని నా భుజం మీద తల వాల్చింది. కిటికీలో పొలాలు, పొగమంచులో సగం కరిగిన కొండలు. నిద్రపోయిందనుకున్నాను.

"ఉత్తరానికి ఏటి రాసావే?" అంది, కళ్లు తెరవకుండానే.

"ఇంకా రాయలేదు పిన్నీ. నానెల్లిపోతే నిన్నెవరు తీసుకెల్తారు?"

"మీ బాబాయి ఉన్నాడు గదే, నేడేటి? నాకోసం ఆగిపోకే. నువ్వాగిపోతే, నిన్ను సూసినప్పుడల్లా నాకు నా రోగమే కనపడతాది. నీకెల్లాలనుందా నేదా, అది సెప్పు."

ఆ మాట నన్నెవరూ అడగలేదు. నన్ను నేనూ అడగలేదు. పిన్ని జబ్బు వెనక, పోయే ఏడాది వెనక దాక్కున్నాను. అసలు సంగతి, నాకు భయం. నా ఇంగ్లీషు విని నవ్వుతారని.

"ఎల్లాలనుంది పిన్నీ."

అనగానే ఏడుపొచ్చేసింది. పిన్ని నా చేతిని ఒళ్లోకి లాక్కుంది. డయాలసిస్ కోసం డాక్టర్లు కలిపి కుట్టిన నరం ఆమె చేతిలో జుమ్మంటూ నా వేళ్లకి తగిలింది. స్టేషన్లు వచ్చాయి, పోయాయి. మేమిద్దరం అలాగే ఉన్నాం.

ఆ వారమే వస్తానని రాశాను. వెళ్లాను. క్లాసులో నా ఇంగ్లీషుకి ఎవరూ నవ్వలేదు, వాళ్లదీ అంతంత మాత్రమే. మొదటిసారి మంచు పడిన రోజు ఇంటికి ఫోన్ చేశాను.

"ఎలాగుంటాదే?" అంది పిన్ని.

"మన నౌపడ ఉప్పు కుప్పల్లాగ. ఎటు సూసినా అవే."

"ఉప్పు ముట్టుకోవద్దని డాక్టరు సెప్పేడు గదే, నాకెందుకు సెప్తావు!" అని పడీపడీ నవ్వింది.

ఇంకో ఏడాదిన్నర బతికింది. నా ఆఖరి పరీక్షలకి ముందు పోయింది. ఆఖరి చూపుకి నేను చేరుకోలేకపోయాను.