ఆరు గ్లాసుల నీళ్ళు

ఉదయ్ భాస్కర్ లెక్కల మనిషి. ఎవరూ అడక్కపోయినా ఆ ముక్క తనే చెప్పుకునేవాడు. మాదాపూర్‌లో ఒక కంపెనీకి బొమ్మలు గీస్తాడు. బొమ్మలంటే కుక్కా పిల్లీ కాదు, ఏ ఊళ్ళో ఎన్ని లక్షల మంది ఏ మీట నొక్కారో చూపించే గ్రాఫులు. పదిహేను లక్షలు అనే మాట రోజుకు పదిసార్లు నోట్లో ఆడేది గానీ, అందులో ఒక్క మనిషి మొహమైనా కళ్ళ ముందు కదిలింది లేదు. కదలక్కర్లేదనే అనుకునేవాడు. ఇప్పుడు తలుచుకుంటే తన నెత్తిన తనే ఒక మొట్టికాయ వేసుకోవాలనిపిస్తుంది.

వాళ్ళమ్మ కనకలక్ష్మిది తణుకు. మియాపూర్‌లో కొడుకూ కోడలి దగ్గరే ఉంటుంది. ఆవిడ కొలతలన్నీ చేతిలోనే ఉంటాయి. ఉప్పయితే చిటికెడు, పప్పయితే చారెడు, బియ్యమయితే దోసెడు. ఎంత అని అడిగితే మాట కంటే ముందు చెయ్యి ముడుచుకునో విచ్చుకునో జవాబు చెబుతుంది. ఎవరి చెయ్యమ్మా, ఎంత చెయ్యి, ప్రమాణం ఏదీ అని కొడుకు వేళాకోళం చేసేవాడు.

కిడ్నీలు పాడై, వారానికి మూడు రోజులు చందానగర్‌లో డయాలసిస్ మొదలయ్యాక, తాగే నీళ్ళు రోజుకు తొమ్మిది వందల మిల్లీలీటర్లు దాటకూడదన్నాడు డాక్టరు. దాటితే నీరు ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది, ప్రాణం మీదికి వస్తుంది. మిల్లీలీటరంటే ఎంతరా, చూపించు అంది కనకలక్ష్మి. ఉదయ్ భాస్కర్ ఫోన్లో గ్రాఫు చూపించాడు. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కొండలు బాగున్నాయంది.

భార్య ఉమాశ్రీ పొద్దున్నే బడికి పాఠాలు చెప్పడానికి వెళ్ళిపోతుంది కాబట్టి, ఇంటి నుంచే పనిచేసే ఉదయ్ భాస్కర్ నీళ్ళ శాఖ తీసుకున్నాడు. ఫోన్లో ఒక యాప్ వేశాడు. అందులో ముద్దొచ్చే గ్లాసు బొమ్మ ఒకటి, కింద నూట యాభై అని అంకె. అమ్మకు ఒక గ్లాసు ఇవ్వడం, బొమ్మ మీద ఒకసారి నొక్కడం. రోజుకు ఆరు. సాయంత్రానికి తెర పచ్చబడి చప్పట్లు కొట్టేది, అతను మురిసిపోయేవాడు. గ్లాసు పెద్దదిగా ఉందిరా అని అమ్మ ఒకటి రెండుసార్లు అనకపోలేదు. గ్లాసంటే గ్లాసేనమ్మా, నీ వాటా నువ్వు తాగు అన్నాడు.

తాగింది. రెండు వారాలు తిరిగేసరికి, డయాలసిస్‌కి వెళ్ళిన ప్రతిసారీ నాలుగు కిలోలు పెరిగి ఉండేది. పెరిగిందంతా నీరే. లిఫ్టు దాకా నడిస్తే రొప్పు, పడుకుంటే ఊపిరాడదు. నర్సు ప్రశాంతి బరువు యంత్రం వైపు చూపించి, "గిట్లయితే దవాఖానలనే పెట్టుకోవాల్సొస్తది సార్. నీళ్ళు ఏడికెళ్ళి వస్తున్నయో జర చూడుండ్రి" అంది.

ఉదయ్ భాస్కర్ ఫోను తీసి పచ్చటి తెర చూపించాడు. తన లెక్కలో తప్పు లేదని, ఈవిడే ఎవరూ చూడకుండా తాగుతోందని, అమ్మ పక్కనుండగానే ఫిర్యాదు చేశాడు. తాగలేదని కనకలక్ష్మి ఒక్కసారే చెప్పింది. ఆ రోజు నుంచి కొడుకును నీళ్ళడగడం మానేసింది. ఇస్తే తాగి గ్లాసు పక్కన పెట్టేది, అంతే.

తల్లి రొప్పుతుంటే అతనికి భయం, లెక్క కుదరకపోతుంటే కోపం. ఈ రెండూ కలిస్తే కంప్యూటర్ మనిషి ఏం చేస్తాడు? కెమెరా కొంటాడు. నీళ్ళ ఫిల్టరుకు ఎదురుగా, పోపుల డబ్బా వెనక దాన్ని నక్కించాడు. రెండు రోజులయ్యాక, ఆఫీసు మీటింగులో ఎవరో మాట్లాడుతుండగా, దొంగను పట్టుకుందామని రికార్డింగు పెట్టుకుని కూర్చున్నాడు.

దొంగ దొరికాడు. కాస్త బట్టతల, కింద నిక్కరు, పైన ఆఫీసు చొక్కా. రోజుకు ఆరుసార్లు వచ్చి, పొడుగాటి స్టీలు గ్లాసు అంచుదాకా నింపి, తొణక్కుండా పట్టుకుని, రెండో చేత్తో ఫోను నొక్కుకుంటూ వెళ్ళాడు. రెండు రోజుల్లో అమ్మ ఆ ఛాయలకే రాలేదు.

ఉమాశ్రీ కేకులకు వాడే కొలత కప్పులోకి ఆ గ్లాసు నీళ్ళు ఒంపాడు. మూడు వందల ఇరవై. నీళ్ళు మనసు మార్చుకుంటాయేమోనని మళ్ళీ ఒంపాడు. మూడు వందల ఇరవయ్యే. బొమ్మలో గ్లాసుకూ ఇంట్లో గ్లాసుకూ ఏ చుట్టరికమూ లేదు. తొమ్మిది వందలని రాసుకుంటూ రోజుకు దాదాపు రెండు లీటర్లు తన చేత్తోనే తల్లికి పట్టించాడు. పైగా తణుకు పెంపకం, వెలితి గ్లాసు చేతికివ్వడం మర్యాద కాదాయె. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినవాడు నయం, ఆ పిల్లకు ఆయాసం రాలేదు. ఇంకో వారం ఇలాగే పోసి ఉంటే డాక్టరు అన్నంతా జరిగేది.

మర్నాటి నుంచి చిన్న గ్లాసు వచ్చింది. ఎందుకొచ్చిందో అమ్మకు చెప్పడానికి మాత్రం నోరు రాలేదు.

ఆ తర్వాతి డయాలసిస్‌కి పెరిగిన బరువు రెండు కిలోలు కూడా లేదు. ప్రశాంతి సంబరపడి, చెప్పిన మాట మంచిగ విన్నవమ్మా అని కనకలక్ష్మి భుజం తట్టింది. ఆవిడ పైకప్పు వైపు చూస్తూ పడుకుంది. ఊరుకుంటే ఉదయ్ భాస్కర్ పరువు దక్కేది. ఊరుకుందామనే అనుకున్నాడు కూడా.

"అమ్మ ఎప్పుడూ దొంగతనంగా తాగలేదు సిస్టర్," అన్నాడు. "నేనే రెండింతలు పోశాను. గ్లాసంటే ఎంతో నాకు తెలీదు."

చుట్టూ మంచాల మీద నలుగురు రోగులూ తలలు తిప్పారు. వాళ్ళలో ఒకాయన, మీరేం పని చేస్తారండీ అని అడిగాడు. లెక్కల పనేనని ఒప్పుకోక తప్పలేదు. ప్రశాంతి నవ్వాపుకోలేక మిషను వైపు తిరిగింది.

కనకలక్ష్మి నవ్వలేదు. పైకప్పు మీంచి చూపు కొడుకు మీదికి మళ్ళించింది.

"నోరెండిపోతోందిరా, కాసిని నీళ్ళియ్యి," అంది.

అడగడం మానేసిన పది రోజులకు మళ్ళీ అడిగింది. అతను వెంట తెచ్చిన సీసా మూత తీసి, ఆ మూతలోనే పోయబోయి ఆగాడు.

"ఎంతమ్మా?"

"నేను చాలనేదాకా."

సన్నటి ధారగా పోశాడు. మూత సగమైనా నిండకముందే ఆవిడ చాలంది.