తెగని పట్టీ

లతీఫ్‌ను పెళ్లివాళ్లు మొదటిసారి కొట్టింది తొంభయ్యో సంవత్సరంలో, మిర్యాలగూడ దారిలోని ఒక ఊళ్లో. కొట్టినవాళ్లు తాగుబోతులు కారు, పట్టుపంచెలు కట్టుకున్న పెద్దమనుషులు. ఒకాయన చేతికర్రతో, ఒకాయన గొడుగుతో, మిగతావాళ్లు కాళ్లతో. అతను చేసిన నేరమల్లా, వాళ్ల పిల్లవాణ్ణి ఎక్కించిన గుర్రానికి, కాలు మోపే రికాబు పట్టీ తెగిపోవడం.

నల్లగొండలో పెళ్లిళ్లకు గుర్రాన్ని కిరాయికి తిప్పేవాడు లతీఫ్. తండ్రి టాంగా తోలాడు. ఆటోలొచ్చి టాంగాను మింగేశాక బండి పొయ్యిలోకి పోయింది, గుర్రం మాత్రం మిగిలింది. దాని కడుపున పుట్టిందే ఈ తెల్ల ఆడగుర్రం. పేరు దొరసాని. పల్లెల్లో దొరలు గడీలకు తాళాలేసి పట్నానికి పారిపోతున్న రోజులవి. దొరలందరు ఉరికిన్రు గని దొరసాని మా ఇంట్లనే ఉన్నదని లతీఫ్ చాయ్ హోటల్లో చెప్పి అందరినీ నవ్వించేవాడు.

అట్లా నవ్వించే మనిషికి కుడిచెవి సగమే ఉంది. మిగతా సగాన్ని దొరసాని కొరికేసింది. దానికి జవాబుగా అతను చర్నాకోలతో గీసిన మచ్చ దాని ముట్టె మీద చచ్చేదాకా ఉంది. మూగజీవాల ప్రేమ గురించి బడిపుస్తకాల్లో రాసే మాటలు ఆ కొట్టంలో చెల్లవు. అది తన్నేది, ఇతను బాదేవాడు. పొద్దుగూకితే ఇతను ఉలవలు ఉడకేసి పెట్టేవాడు, అది తినేది. దెబ్బలు తగిలించుకొని వచ్చిన రోజు పసుపు రాస్తూ అతని భార్య జాహేదా అనేది, దొరసాని కోసం ఎన్ని తన్నులైనా తింటవు, నా కోసం ఒక్క మాట కూడా పడవని.

ఇంతకూ ఆ పట్టీ సంగతి. పెళ్లిలో పెళ్లికొడుకు బూట్లు ఎత్తుకుపోయి దాచడం ఆడపిల్లవారికి ఆట. మరదళ్లు దాస్తారు, బావ బతిమాలుకోవాలి. ఆట అని పేరే గానీ మగపెళ్లివారి దోస్తులకు అది పరువు సమస్య. గుర్రం దిగకముందే కాలి నుంచి బూటు లాగేసే మొనగత్తెలుంటారని, ఆ దోస్తులొక ఉపాయం కనిపెట్టారు. పెళ్లికొడుకు కాలును బూటుతో సహా రికాబులోకి మడమ దాకా దూర్చి, జేబు దస్తీతో బిగించి ముడేస్తారు. ఇక ఏ మరదలూ లాగలేదు. లతీఫ్ ఎన్నడూ అడ్డు చెప్పలేదు. గుర్రం మీద కూర్చోవడం రానివాడు కాలు కట్టేస్తే కుదురుగా కూర్చుంటాడు, తనకూ పని తగ్గుతుంది.

ఆ రోజు పటాకుల సరం పేలగానే దొరసాని ముందుకాళ్లు లేపింది. పెళ్లికొడుకు ఒరిగిపోయాడు. తండ్రినాటి తోలుపట్టీ ఆ బరువుకు పుటుక్కున తెగింది. దస్తీతో కట్టిన రికాబు కాలికి వేలాడుతుండగా ఆ పిల్లవాడు మోరీ బురదలో కూలబడ్డాడు. గుర్రం తన దారిన తను ఉరికింది. అతనికి మోచెయ్యి గీసుకుపోయిందంతే. కానీ ఆడపిల్లవారి వైపు నుంచి కిలకిల వినబడింది. ఆ కిలకిలకు ఎవడో ఒకడు నెత్తురు కక్కాలి. లతీఫ్ కక్కాడు. రెండు పళ్లు ఊడాయి, పక్కటెముక విరిగింది. కుళ్లిన జీను వేసుకొచ్చి మా ఇజ్జత్ తీసినవ్‌రా అన్న మాటే దెబ్బదెబ్బకూ వినబడింది.

ఎముక అతుక్కున్నాక అతను గుర్వయ్య దుకాణానికి పోయాడు. గుర్వయ్య తోలు పని చేస్తాడు, అమ్మకానికి ఏది దొరికితే అది పెడతాడు. ఆ వేళ రెండు జీన్లున్నాయి. ఒకటి పట్నం గుర్రప్పందేల నుంచి చేతులు మారి వచ్చిన పాత తోలు జీను. మాసి నల్లబడింది, ఎన్నో గుర్రాల చెమట తాగి వీపు మీద మెత్తగా ఒదుగుతుంది. రెండోది కొత్తది. పైన ఎర్ర రెక్జిన్, లోపల స్పంజీ, నైలాన్ పట్టీలు, మిలమిలలాడే బకిల్స్. పాతది చూపించేటప్పుడు గుర్వయ్య తోలును మించింది లేదన్నాడు. కొత్తది చూపించేటప్పుడు తోలు పని ఇక ఖతమన్నాడు. రెండు మాటలూ ఒక్క నోటితోనే, మొహం మార్చకుండా.

లతీఫ్ ఎవరి మాటా నమ్మదలుచుకోలేదు. తెగేదేదో తెగనిదేదో చేత్తోనే తేల్చుకుంటానన్నాడు. దుకాణం ముందున్న కరెంటు స్తంభానికి తోలు రికాబు పట్టీ చుట్టి, పాదాలు తన్నిపెట్టి గుంజాడు. మూడో గుంజుకు అది తెగి, అతను వెల్లకిలా పడ్డాడు. చూసేవాళ్లు నవ్వారు. ఆ నవ్వు అతనికి మోరీ దగ్గరి నవ్వులాగే వినబడింది. లేచి నైలాన్ పట్టీ చుట్టాడు. అరచేతుల తోలు ఊడిందే తప్ప అది కదల్లేదు.

"ఏనుగును కట్టేసినా తెగదు లతీఫ్ భాయ్," అన్నాడు గుర్వయ్య.

"గిదే కావాలె నాకు."

పాత తోలైతే తెగినప్పుడల్లా కుట్టుకోవచ్చు కదా అని జాహేదా గొణిగింది. కుట్టుకోవడానికి నేను బతికుండాలె కదా అని అతను కసిరాడు. 

కొత్త జీను దొరసానికి పడలేదు. రెక్జిన్ కింద ఎండకు వీపు ఉడికేది, చెమట ఆరేది కాదు, వెన్ను మీద పుండ్లు లేచాయి. జీను చేతపట్టుకుంటేనే చెవులు వెనక్కి వాల్చి కరవడానికొచ్చేది. అతను ముట్టె మీద గుద్ది, పొట్ట కింది తంగు పట్టీ బిగించి, పైన జరీ గుడ్డ కప్పేవాడు. గుడ్డ కింద ఏముందో పెళ్లివాళ్లకెందుకు?

మరుసటేడు ఎండాకాలంలో దేవరకొండ దారి మీద ఒక ఊళ్లో ఎదుర్కోళ్లు, ఆడపిల్లవారు పొలిమేరకు ఎదురొచ్చి పెళ్లికొడుకును తీసుకుపోయే తంతు. పెళ్లికొడుకు అమరేందర్, కాంట్రాక్టరు కొడుకు. అతని దోస్తు రామచంద్రం ముందే దస్తీ తీసి, ఎడమకాలు రికాబులోకి దూర్చి, పళ్లతో లాగి మరీ ముడి బిగించాడు. ఇప్పుడు రమ్మనురా నీ మరదళ్లను అన్నాడు. ఊరి పొలిమేరలో డప్పులు మోగాయి. ఎవడో సరం అంటించి దాన్ని గుర్రం కాళ్ల కిందికే విసిరాడు.

దొరసాని ఎగిరి, అడ్డం తిరిగి, లతీఫ్ చేతుల్లోంచి కళ్లెం లాక్కొని చెలకలోకి దూకింది. అమరేందర్ ఎడమవైపుకు జారిపడ్డాడు. కాలు మాత్రం రికాబులోనే ఉంది. తల నేల మీద పడి, రాళ్ల మీద, కోసిన ఆముదపు మోళ్ల మీద ఎగిరెగిరి పడుతూ పోయింది. పూలదండ తెగింది. షేర్వాణి చిరిగింది. పట్టీ మాత్రం తెగలేదు.

వెంట ఉరుకుతున్న లతీఫ్ ఆ పట్టీ మీదే చూపు పెట్టి మనసులో అరుస్తున్నాడు. తెగు, తెగు. స్తంభానికి కాలు తన్నిపెట్టి తాను ఏరి తెచ్చుకున్న పట్టీ అది.

బావి దగ్గర మోటరు కొట్టం గోడకూ రాళ్లకుప్పకూ మధ్య గుర్రం ఇరుక్కుంది. ముందుకు దారి లేదు, వెనక్కి తిరగలేదు. వెనక కాళ్లతో గుడ్డిగా తన్నుతోంది. ప్రతి తన్నూ అమరేందర్ తలకు బెత్తెడు దూరంలో పడుతోంది. ఒకటి భుజానికి తగిలింది, ఎముక విరిగిన చప్పుడు గట్టు మీది వాళ్లకు కూడా వినబడింది. గట్టు మీద ఊరంతా ఉంది. ఒక్కడూ దిగలేదు.

దస్తీ ముడి తన్నుల మధ్య అందకుండా ఉంది, లతీఫ్ మెడ వైపు నుంచి దూరి కత్తితో పట్టీ కోయబోయాడు. నైలాన్ మీద కత్తి జారింది. దొరసాని అతని భుజాన్ని పళ్లతో పట్టి కండ ఊడబెరికింది. తంగు విప్పాలంటే పొట్ట కిందికి వంగాలి, వంగితే లేచేది లేదు. మళ్లీ ఒక డెక్క అమరేందర్ చెంప రాసుకుంటూ పోయింది.

కొట్టంలో గడ్డపార ఉంది. లతీఫ్ దాన్ని తీసుకున్నాడు. గుర్రం ఎడమవైపు పడితే పెళ్లికొడుకు నలిగిపోతాడు. అందుకే కళ్లేన్ని గుంజి తల కుడివైపుకు తిప్పి, ఒక చేత్తో అట్లాగే పట్టుకొని, రెండో చేత్తో గడ్డపార మొద్దువైపుతో రెండు కళ్ల మధ్య కొట్టాడు. అది మూలిగి అతని వైపే చూసింది. రెండో దెబ్బకు మోకాళ్ల మీద కూలింది. మూడోది పడ్డాక కుడివైపుకు ఒరిగింది. దాంతో పాటే అమరేందర్ కాలు పైకి లేచి, జీను పక్కన వేలాడింది. అప్పటికీ ముడి ఊడలేదు.

అప్పుడు దిగారందరూ. నీళ్లు, విసనకర్ర, ఏడుపు, జీపు. ముడి కోసి అమరేందర్‌ను దవాఖానకు తరలించారు. భుజమూ తొంటీ విరిగాయి, బతికాడు. లతీఫ్ గడ్డపార ఆనించి దొరసాని పక్కనే కూర్చున్నాడు. రామచంద్రం వచ్చి, తెగిన దస్తీ చేతిలో పట్టుకొని, చుట్టూ ఉన్నవాళ్లకు వినబడేలా అన్నాడు:

"నేను గట్టిగ కట్టిన గనుక ఆగిండు. లేకుంటే ఎక్కడనో పడి సచ్చేటోడు."

లతీఫ్ లేచి అతని నోటి మీద గుద్దాడు. కిందపడ్డాక కూడా గుద్దాడు. తరవాత ఊరు అతని మీద పడింది. మొదటిసారి లాగా ఈసారి తల కప్పుకొని పడుకోలేదు. ముగ్గురి రక్తం కళ్లజూశాకే స్పృహ తప్పాడు.

మచ్చల తట్టువ గుర్రం ఒకటి సంపాదించడానికి అతనికి మూడు వానాకాలాలు పట్టింది. దాని మీదికి గుర్వయ్య దగ్గరి నుంచి పాత తోలు జీనే తెచ్చాడు. గుర్వయ్య రికాబుకు దొడ్డు పట్టీ వేస్తానంటే వద్దని, పాత సన్నపు తోలే వేయించుకున్నాడు.

ఆ తరవాత ఎదుర్కోళ్లలో రికాబు దగ్గరికి దస్తీ పట్టుకొని వంగినవాడి వేళ్ల మీద చర్నాకోల దెబ్బ పడేది. వాడు ఎవరి కొడుకైనా సరే. అందుకు రెండు ఊళ్లలో తన్నులు తిన్నాడు, ఇంకో ఊళ్లో ఒకడి వేలు విరగ్గొట్టాడు. పిచ్చి లతీఫ్ అని పేరు పడింది. అయినా చుట్టుపక్కల ఇంకో గుర్రం లేదు కనుక పిలిచేవాళ్లు.

ఒకసారి తిప్పర్తి దగ్గర ఆడపిల్లవారు గుర్రం మీద నుంచే పెళ్లికొడుకు బూటు లాక్కుపోయారు. అతని తండ్రి మండిపడుతూ లతీఫ్ మీదికొచ్చాడు.

"కట్టనియ్యకపోతివి. సూడు, బూటు పాయె."

"బూటే గద పటేలా పోయింది," అన్నాడు లతీఫ్, చర్నాకోల కిందికి దించకుండా. "నీ కొడుకు కాళ్లు లెక్కవెట్టుకో, రెండున్నయ్."