రెండో చెంప

ఆస్పత్రిలో సిస్టరు క్రీము ట్యూబులను కాటా మీద పెడుతుంటే అద్దాలక్క ఊపిరి బిగబట్టింది. అరచేతిలో పట్టేంత కాటా, మీద ఈగ వాలినా అంకె మారేలా ఉంది. ముందు ‘కుడి’ అని రాసి ఉన్న ట్యూబు తూచింది, తర్వాత ‘ఎడమ’ అని రాసి ఉన్నది. తూచి, కళ్ళు చిట్లించి చూసింది.

“రెండూ సమానంగానే ఖర్చయ్యాయక్కా. కాకపోతే కాస్త ఎక్కువే రాస్తున్నట్టున్నారు. మీ చెయ్యి ధారాళం!”

“అలవాటమ్మా, కూరలో నూనె కూడా అంతే,” అని నవ్వబోయింది అద్దాలక్క. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

ఈసారి ఇచ్చిన ఎడమ ట్యూబులోని క్రీము ఒక్క చుక్క కూడా ఆమె మొహానికి తగల్లేదు. రోజూ పొద్దున్నే పంపు విప్పి, కొలత చూసుకుని మరీ వాష్‌బేసిన్‌లోకి పిండేస్తూ వచ్చింది. అలాగని ఆమె మాయలమారి మనిషేం కాదు. దుకాణంలో ఎవరైనా గొడుగు మర్చిపోతే వీధి చివరిదాకా పరుగెత్తి ఇచ్చి వచ్చే రకం. ఆమె చేత ఈ పని చేయించింది చెంపల మీద నల్లగా పేరుకున్న మంగు.

కళ్ళజోళ్ళ దుకాణంలో ఆమె చెయ్యి తిరిగిన మనిషి. చూపు పరీక్ష చేస్తుంది, ఫ్రేము ఎంచి పెడుతుంది, కాడలు వేడిచేసి చెవులకు సరిపడా వంచుతుంది. అందుకే అందరికీ అద్దాలక్క అయింది. ఆ పనిలో జానెడు దూరం నుంచి ఎదుటివాళ్ళ మొహంలోకి చూడాలి. వాళ్ళూ ఈమె మొహంలోకే చూస్తారు. రెండో కాన్పు తర్వాత చెంపలకెక్కిన మంగు మళ్ళీ దిగలేదు. “మా కోడలి మొహం మీద దేశాల పటం ఉంది, పిల్లలకు వేరే పుస్తకం కొనక్కర్లేదు,” అనేది అత్తగారు. ఆవిడ ప్రేమ అలాగే ఉంటుంది.

చర్మవ్యాధుల ఆస్పత్రిలో మంగుకు కొత్త క్రీము పరీక్షిస్తున్నారని తెలిసి అద్దాలక్క చేరింది. డాక్టరమ్మ విడమరచి చెప్పింది. ఒక చెంపకు మందున్న క్రీము, రెండో చెంపకు ఉత్త క్రీము. ఏ ట్యూబులో ఏముందో డాక్టరుకూ తెలియదు, రాసుకునేవాళ్ళకూ తెలియదు. ఒకే మొహం, ఒకే ఎండ, ఒకే తిండి కాబట్టి తేడా కనిపిస్తే అది మందు వల్లేనని తేలుతుంది. ఒక పక్క క్రీము రెండో పక్కకు తగలకూడదు. అద్దాలక్క బుద్ధిగా తలూపి, సరేనని మాటిచ్చింది.

నెల తిరిగేసరికి కుడి చెంప తేటపడింది. ఎడమ చెంప మాత్రం ఎక్కడి మంగు అక్కడే. దుకాణంలో ఎటు తిరిగినా అద్దాలే, ఏ అద్దంలో చూసినా అతుకేసినట్టున్న మొహమే. ఒకరోజు ఓ చిన్నపాప తల్లి ఒళ్ళో కూర్చుని, “అమ్మా, ఈ ఆంటీ ఒక పక్కే మొహం కడుక్కుంది!” అంది. దుకాణమంతా గొల్లుమంది. అద్దాలక్క కూడా నవ్వింది, నవ్వుతూనే ఎడమ చెంప కనబడకుండా పక్కకు తిరిగింది. ఇంటికెళ్తే అత్తగారు, “నాకిప్పుడు ఇద్దరు కోడళ్ళు. ఏ పక్క నుంచి పిలిస్తే ఆ పక్కావిడ పలుకుతోంది,” అంది. మర్నాడు పొద్దున అద్దాలక్క కుడి ట్యూబు మూత తీసి రెండు చెంపలకూ రాసేసుకుంది. ఇక రోజూ అదే పని. కొన్ని వారాలు గడిచేసరికి, ఎన్నో ఏళ్ళ తర్వాత అద్దంలోకి సూటిగా చూసుకోగలిగే మొహం వచ్చింది. ఆ సంతోషం కోసం ఆమె ఎంత అబద్ధమైనా ఆడేది.

అక్కడితో ఆగినా బాగుండేది. పోయిన వారం ఒక బడి టీచరమ్మ కళ్ళజోడు బిగించుకుందామని దుకాణానికి వచ్చింది. ఆవిడా ఈ పరీక్షలోనే ఉంది. “నాకు ఒక పక్కే తగ్గింది, నీకు రెండు పక్కలా ఎలా తగ్గింది?” అని పట్టుకుని వదల్లేదు. అద్దాలక్క నోరు జారింది.

తూకం గండం గడిచింది కదా అనుకుంటూ డాక్టరమ్మ గదిలోకి వెళ్ళింది. ఆవిడ దీపం కింద మొహం అటూ ఇటూ తిప్పి, చాలాసేపు చూసింది. చూసి నిట్టూర్చింది.

“రెండు చెంపలూ ఒక్కలాగే తగ్గాయి.”

“మంచిదే కదా మేడమ్?”

“మీకు మంచిదే. మందుకే మంచిది కాదు. ఉత్త క్రీముకు కూడా ఇంతే తగ్గితే ఇక మందు గొప్పేముంది? ఇలాంటి మొహాలు ఇంకో నాలుగు వస్తే, ఇది పనికిరాదని తేల్చి ఆపేస్తారు. బజారు మొహమే చూడదు.”

పని చేస్తోంది మేడమ్, బ్రహ్మాండంగా పని చేస్తోంది అని అరవాలనిపించింది అద్దాలక్కకు. కానీ లేచి బయటికొచ్చేసింది.

బయట బల్ల మీద టీచరమ్మ తన వంతు కోసం కూర్చుని ఉంది. అద్దాలక్క పక్కన కూలబడి, గుసగుసగా జరిగింది చెప్పింది. “మనం చెప్పేద్దాం టీచరమ్మా.”

“నీకేమైనా పిచ్చా? చెబితే ట్యూబులు లాక్కుంటారు. క్లాసు పిల్లల కళ్ళన్నీ నా మొహం మీదే ఉంటాయి, తెలుసా? నేను రెండు పక్కలా మంచిదే రాయడం మొదలుపెట్టి వారమే అయింది. నా ఊసెత్తావో, చూడు మరి!”

“ఇంకెవరికైనా చెప్పారా మీరు?”

టీచరమ్మ చేతిసంచి గట్టిగా పట్టుకుని తల తిప్పుకుంది. అంటే ఇంకెవరో ఉన్నారన్నమాట.

చూపు పరీక్షకు వచ్చేవాళ్ళు గుర్తొచ్చారు ఆమెకు. ఒక కన్ను మూసుకోమంటే వేళ్ళ సందుల్లోంచి చూసేవాళ్ళు, గోడ మీద అక్షరాలు ముందే బట్టీపట్టి గడగడా చదివేవాళ్ళు. ఎవరిని మోసం చేస్తున్నారు, రేపు తలనొప్పి మీకా నాకా అని ఎందరిని కేకలేసిందో లెక్కలేదు. ఇప్పుడు తానే వేళ్ళ సందుల్లోంచి చూసింది. సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది. ఇంకాసేపు కూర్చుంటే ధైర్యం చాలదని లేచి, తలుపు తోసుకుని మళ్ళీ లోపలికి వెళ్ళింది.

“మేడమ్, నేను ఎడమ ట్యూబు రాయలేదు. రెండు పక్కలా కుడిదే రాశాను. మీ మందు పని చేస్తోంది.”

తూచిన ట్యూబులు పట్టుకొచ్చిన సిస్టరు గుమ్మంలోనే ఆగింది. “మరి తూకం సరిపోయిందిగా అక్కా?”

“పిండేశానమ్మా. బేసిన్‌లోకి.”

“ఇందాక నేను మిమ్మల్ని మెచ్చుకున్నాను కూడా,” అంది సిస్టరు. ఆ మాట డాక్టరమ్మ తిట్టబోయే తిట్లన్నిటికన్నా గట్టిగా తగిలింది.

డాక్టరమ్మ తిట్టలేదు. “ఇక మీ చెంపలు మా లెక్కలోకి రావు. క్రీము కూడా ఇవ్వలేను,” అంది. తర్వాత గొంతు తగ్గించి, “ఈ ఉపాయం ఇంకెవరికైనా చెప్పారా?” అని అడిగింది.

“ఒకరికి చెప్పాను. పేరడక్కండి మేడమ్. ఆవిడే చెబితే మర్యాదగా ఉంటుంది.”

బయటికి వచ్చి టీచరమ్మ ముందు నిలబడింది. “నా సంగతి చెప్పేశాను. మీ సంగతి మీ నోటితోనే రావాలి.” టీచరమ్మ మొహం పాలిపోయింది. అంతలో సిస్టరు ఆవిడను లోపలికి పిలిచింది. ఏం జరిగిందో అద్దాలక్క చూడలేదు. చూసే ఓపిక లేదు.

ఎండాకాలం వచ్చేసరికి మంగు పాత అద్దెదారులా తిరిగొచ్చి రెండు చెంపల్లోనూ దిగింది. అద్దాలక్క రెండు రోజులు ఏడ్చింది. “నాకు అటు చూసినా ఇటు చూసినా ఒక్కటే పెళ్ళాం, అదే నయం,” అన్నాడు భర్త. అత్తగారు మాత్రం ఎందుకో దేశాల పటం ఊసెత్తలేదు.

ఆ తర్వాత ఓ మధ్యాహ్నం టీచరమ్మ దుకాణానికి వచ్చింది. ఎదురుగా కూర్చుని జోడు తీసింది. ఒక చెంప తేటగా ఉంది, రెండోది మంగుతో నల్లగా ఉంది.

“ఆ రోజే చెప్పేశాను. నా దగ్గర విన్న ఇంకొకావిడ చేత కూడా చెప్పించాను. మేం తప్పు చేసింది వారమే కదా అని, కొన్నాళ్ళు క్రీములన్నీ ఆపించి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టించారు. పిల్లలు నాకు అర్ధచంద్రమ్మ అని పేరు పెట్టారులే!”

అద్దాలక్క ఆవిడ గడ్డం పట్టుకుని వెలుతురుకేసి తిప్పింది. ఇటొకసారి, అటొకసారి. కడుపు నిండినంత సంతోషం కలిగింది. కాస్త కుళ్ళు కూడా పుట్టింది, అబద్ధమెందుకు.

“పని చేస్తోంది,” అంది మెల్లగా.

టీచరమ్మ అటూ ఇటూ చూసి, సంచిలోంచి ట్యూబు తీసి బల్ల మీద పెట్టింది. “మంచిది ఇదే. నీ చెంపలు చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటోంది. కాస్త రాసుకో అక్కా, ఎవరికీ తెలియదు.”

చుట్టూ ఉన్న అద్దాలన్నిటిలోనూ అద్దాలక్క చెయ్యి ట్యూబు వైపు వెళ్ళింది. అది తీసి, మూత గట్టిగా బిగించి, టీచరమ్మ సంచిలో వేసింది.

“తూస్తారు టీచరమ్మా,” అంది. “ఇది బజారుకు రానివ్వండి. మొదటి ట్యూబు నేనే కొంటాను. ఏదీ, జోడు ఇలా ఇవ్వండి, కాడ వదులైనట్టుంది.”