వరుస తప్పిన బొమ్మలు

మా స్టాఫ్ రూములో సైన్సు మాస్టారికి భూతద్దం అని పేరు. పిల్లల రికార్డు పుస్తకాల్లో చీమ తలకాయంత తప్పు కూడా ఆయన కన్ను దాటిపోయేది కాదు. బొమ్మ సరిగ్గా చూడకుండా జవాబు చెప్పేవాళ్లంటే ఒళ్లుమంట. లెక్కల టీచరుగా పదకొండేళ్లు ఆయన పక్క కుర్చీలో కూర్చున్నాను కాబట్టి ఆ చాదస్తం నాకు కంఠతా వచ్చు.

పరీక్షలు ఆన్‌లైన్ క్విజ్‌లుగా పెట్టమని హెడ్‌మిస్ట్రెస్ అన్నప్పుడు గొణుక్కుంటూనే నేర్చుకున్నారు. ఏడాది చివరి క్విజ్ మార్కులను బట్టి పై తరగతి సైన్సు సెక్షన్‌కు ముప్ఫై మందిని తీసుకుంటారు. ఎవరూ కాపీ కొట్టకుండా, ఒక్కొక్కరికీ ప్రశ్నలు ఒక్కో వరుసలో వచ్చేలా ఆయన ఒక బటన్ నొక్కారు.

మార్కులు ఘోరంగా వచ్చాయి. ఇన్నాళ్లకు ఒక పరీక్ష నిజాయితీగా జరిగిందని హెడ్‌మిస్ట్రెస్ మురిసిపోయారు. సైన్సు తప్ప వేరే ధ్యాసే లేని దర్జీగారి అమ్మాయి రెండు మార్కుల తేడాతో జాబితాలోకి రాలేకపోయింది. బొమ్మలు చూసే జవాబులు పెట్టాను సార్ అని వచ్చి చెప్పుకుంది. ఇంకా సరిగ్గా చూడాలమ్మా అని పంపేశారాయన. నేనూ అక్కడే ఉన్నాను.

దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు, అసలు సంగతి తర్వాత బయటపడింది. క్విజ్ పిల్లలకు ఎలా కనబడుతుందో చూద్దామని ఒకరోజు మాస్టారు నా ఫోన్ అడిగి ఆ పాత క్విజ్ తెరిచారు. పొట్ట లోపలి భాగాల బొమ్మలు ఐదు, ఒక్కోదాంట్లో బాణం ఒక్కోచోట. ఒక్కో బొమ్మ కింద, పై బొమ్మలో బాణం చూపే భాగం ఏదని ప్రశ్న. ఆయన నొక్కిన బటన్ ప్రశ్నల్ని మాత్రమే కలిపేసి, బొమ్మల్ని ఉన్నచోటే ఉంచింది. కాలేయం ప్రశ్న పోయి పెద్దపేగు బొమ్మ కింద కూర్చుంది; బొమ్మ చూసి పెద్దపేగు అని పెట్టినవాళ్లకు తప్పు పడింది. ఆయన కంప్యూటర్లో మాత్రం అంతా సవ్యంగానే కనబడేది.

దర్జీగారి అమ్మాయి జవాబులు తీసి, ఆమెకు కనబడిన బొమ్మలతో పోల్చి చూశాం. ఐదుకి ఐదూ ఒప్పే.

సంగతి చెబితే, జాబితా ఎప్పుడో పై ఆఫీసుకు వెళ్లిపోయిందన్నారు హెడ్‌మిస్ట్రెస్. "ఆ అమ్మాయిని లోపలికి తేవాలంటే ఎవర్ని బయటికి పంపమంటారు? పేరు మీరే చెప్పండి."

మాస్టారు లేచి బయటికి నడిచారు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం, ఊరుకోండి అన్నాను నేను. అంత తేలిగ్గా ఎలా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మరి కొన్ని నెలలు గడిచాయి. చివరికి ఒక మధ్యాహ్నం ఆయన నన్ను తోడు రమ్మని, ఆ అమ్మాయిని క్లాసులోంచి వరండాలోకి పిలిచి, జరిగిందంతా చెప్పారు.

"తప్పు నాదేనమ్మా. నువ్వు పెట్టినవన్నీ కరెక్టే."

ఆ పిల్ల ఏడవలేదు, కోప్పడలేదు.

"మార్కులొచ్చిన రోజే మీతో మాట్లాడతానని మా నాన్న చొక్కా వేసుకుని బయల్దేరారు సార్. మాస్టారు తప్పు చెయ్యరు, నాకే సైన్సు రాదని చెప్పి నేనే ఆపేశాను."