కరక్కాయ నీళ్ళు

మా నాన్న పెడనలో కలంకారీ అద్దకం పని చేస్తారు. అచ్చు వేయడానికి ముందు గుడ్డను గేదెపాలు కలిపిన కరక్కాయ నీళ్ళలో నానబెట్టి ఆరవేయాలి. లేకపోతే రంగు నిలవదు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. ఫార్మసీలో పీజీకి చేరినప్పుడు, పరిశోధనకు ఏ మొక్కను తీసుకుంటావని మాస్టారు అడిగితే కరక్కాయ అన్నాను. కొవ్వు మేత పెట్టి పెంచిన ఎలుకల కాలేయం మీద కరక్కాయ నుంచి వేరుచేసిన పదార్థాలు ఎలా పనిచేస్తాయో చూడడం నా పని.

ఆ ఏడాదే బందరులో తీయించిన స్కానింగులో నాన్నకు ఫ్యాటీ లివర్ అని తేలింది. ఆయన ఏనాడూ మద్యం ముట్టలేదు. అన్నం తగ్గించమనీ, నడవమనీ, షుగరు మాత్రలు మానకుండా ఆరునెలలకోసారి వచ్చి చూపించుకోమనీ డాక్టరు గారు చెప్పారు. ఆ సంగతి అద్దకం షెడ్డులో పాకింది.

"ఏం బావా, మాకు తెలీకుండా ఎక్కడేస్తున్నావ్? మమ్మల్నీ పిలవచ్చుగా!" అన్నాడు పక్క బల్ల ఆయన.

అందరితోపాటు నాన్న కూడా నవ్వారట. ఆ తర్వాత ఆసుపత్రి గడప తొక్కలేదు.

నా ప్రయోగం ఫలితాలు వచ్చిన రోజు, కాలేజీ నుంచి వస్తూ గుడివాడ బస్టాండు నుంచే నాన్నకు ఫోన్ చేశాను. "పనిచేసింది నాన్నా! ఎలుకల లివర్లో కొవ్వు తగ్గింది."

అంతవరకు నా చదువు గురించి ఆయనకు అర్థమయ్యేలా ఒక్క మాట చెప్పలేకపోయాను. ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో!

మర్నాటి నుంచి నాన్న పరగడుపున కరక్కాయ కషాయం తాగసాగారు. షుగరు మాత్రలు మానేశారని అమ్మ నాకు ఆలస్యంగా చెప్పింది. వెంటనే వెళ్ళి వివరించాను. మేం వాడింది కషాయం కాదనీ, ఎలుకకు పనికొచ్చింది మనిషికి పనికొస్తుందని మేం తేల్చలేదనీ చెప్పాను.

"ఒక్క ముంచుకే రంగెక్కుతుందేంటమ్మా? ఓపికుండాలి. నీ చదువు మీద నీకే నమ్మకం లేకపోతే ఎలా?" అన్నారు.

ఆ నమ్మకం కరక్కాయ మీదిదైతే గెలిచేదాన్నేమో. అది నా మీదిది. నాలుగేళ్ళు అదే వాదన, అదే కషాయం లోటా.

మొన్న నాన్న కాళ్ళు వాస్తే బందరు ఆసుపత్రికి తీసుకువెళ్ళాను. కాలేయం గట్టిపడిపోయిందనీ, పొట్టలో నీరు చేరిందనీ, ఇక పూర్వస్థితికి రాదనీ చెప్పారు. తిరిగివచ్చేటప్పుడు బస్సులో నాన్న పొట్ట మీద చేతులు పెట్టుకుని కూర్చున్నారు. గోళ్ళ అంచుల్లో అద్దకపు నలుపు అలాగే ఉంది.

"మీ ఎలుకలు బాగయ్యాయన్నావు కదమ్మా. ఇప్పుడెక్కడున్నాయి?"

కొవ్వు తగ్గిందో లేదో చూడడానికి మేం ఎలుకలను చంపి, కాలేయాలు తీశాం. బాగైనవాటినీ, కానివాటినీ ఒకే రోజు చంపాం. నా థీసిస్‌లో అది ఒక వాక్యం.

"కాలేజీలోనే ఉన్నాయి నాన్నా."

"పోన్లే. చల్లగా ఉండనీ" అన్నారు.