ఓనరు గారి కార్డు

అమలాపురంలో నా నెట్ సెంటర్‌కి ఓ సిస్టమ్ అడ్మిన్ గారుండేవారు. ఏం చెప్పాలన్నా ముందు మీసం దువ్వేవారు.

సాయంత్రం ఆడవాళ్లు గల్ఫ్‌లోని భర్తలతో మాట్లాడుకునే వేళకే నేను సర్వర్‌లోంచి సినిమాలు కాపీ చేసుకునేవాణ్ణి. దాంతో లైనంతా నిండిపోయి వాళ్ల మాటలు తెగిపోయేవి.

ఓ రోజు ఆయన అన్ని కంప్యూటర్లలో వైరు తగిలించే నెట్‌వర్క్ కార్డుల సెట్టింగ్స్ సరిచేశారు. మాటలు తెగడం ఆగింది. నా సినిమాలు మాత్రం నత్తనడక పట్టాయి.

"నాదొక్కటే ఇలా ఏడుస్తోందేంటండీ?" అన్నాను.

మీసం దువ్వి, "ఆయ్, అది ఓనరు గారి కార్డండి. పెద్దోరు పరిగెడితే ఏం బాగుంటాదండీ?" అన్నారు. పొంగిపోయాను.

ఆయన ఉద్యోగానికి దుబాయ్ వెళ్లాక ఓ సాయంత్రం ఆ సెట్టింగ్స్ తెరిచాను. అందరి కార్డులకీ వేగం వంద, నాదానికి పది! ఒళ్లు మండి మార్చబోయాను. పక్క క్యాబిన్‌లోంచి ఆయన భార్య గొంతు వినిపించింది: "ఏవండీ, పక్కనుండి మాట్లాడినట్టే ఉందండీ!"

పదిని పదిగానే ఉంచి, లేని మీసం దువ్వుకున్నాను.