అమ్మ నేర్చుకున్న ఒక్క వాక్యం

మొన్న వానలో మెట్రో మెట్లు దిగుతూ రెయిలింగు పట్టుకుంటే అరచేతికి తడి ఇనుము వాసన అంటుకుంది. ఆ వాసన నన్ను లాలాగూడ రైల్వే క్వార్టర్లలోకి లాక్కుపోయింది.

మా బాపు అక్కడి వర్క్‌షాపులో ఫిట్టరు. పొద్దున సైరన్ కూస్తే కాలనీ మొత్తం ఒక్కసారి కదిలేది. స్టవ్వుల మీద చాయ్ పొంగేది, సైకిళ్ళ గంటలు మోగేవి, ఆడపిల్లలం గచ్చు మీద బొగ్గుతో గీసుకున్న తొక్కుడుబిళ్ళ గళ్ళ మీదుగా ఆ సైకిళ్ళన్నీ వెళ్ళిపోయేవి. ఆషాఢం వస్తే సందు సందునా వేపమండల వాసన, డప్పుల మోత. అమ్మ గిన్నెకు ఒత్తి కాల్చిన సర్వపిండిలో ఎర్రగా మాడిన అడుగు ముక్క కోసం నేనూ తమ్ముడూ కొట్టుకునేవాళ్ళం.

సాయంత్రాలు మెట్టుగూడలో ట్యూషన్. టీచరమ్మది గుంటూరు వైపు. బడి ఉద్యోగం నుంచి రిటైరై, వరండాలో చాప పరిచి మాకు ఇంగ్లీషు చెప్పేది. ‘ఐ హ్యావ్ సీన్ హిమ్ యెస్టర్‌డే’ అని ఎవరన్నా అంటే చాలు, చదువుతున్న పేపరు దించేది.

“నిన్న అన్నాక హ్యావ్ ఏవిటే? నిన్న అయిపోయింది కదా!”

మన తెలుగులో చూశాను అంటే ఎప్పుడు చూసినా సరిపోతుంది. అందుకే అందరం అక్కడే తప్పు చేసేవాళ్ళం.

ఒక ఏడు బోనాలకు ముందు బాపుకు పచ్చకామెర్లు వచ్చాయి. ఎవరో చెప్తే పసరు తాగించారు. కళ్ళు పసుపు ముద్దల్లా అయ్యాక ఆస్పత్రికి తీసుకెళ్ళారు. అక్కడినుంచి బాపు ప్రాణాలతో తిరిగి రాలేదు. అమ్మ ఏడవలేదు. “ఏడ్వు బిడ్డా, గుండె పలుగుతది” అని మా పెద్దమ్మ భుజాలు పట్టి ఊపినా, గోడకు తగిలించిన బాపు నీలం చొక్కాను చూస్తూ కూర్చుంది. కూర ఎప్పటిలా నలుగురికి వండేది. ఎవరైనా అడిగితే “డ్యూటీకి పోయిండు” అనేది. విన్నవాళ్ళు తల వంచుకుని వెళ్ళిపోయేవాళ్ళు.

బాపు బదులు అమ్మకు ఉద్యోగమిస్తేనే క్వార్టరు ఉంటుంది, లేకుంటే ఖాళీ చెయ్యాలి. ఇంటర్వ్యూకు పిలిచిన ఆఫీసరు ఇంగ్లీషులో అడుగుతాడని పక్కింటివాళ్ళు భయపెట్టారు. అమ్మ నన్ను వెంటపెట్టుకుని టీచరమ్మ దగ్గరికి వెళ్ళింది.

“మీ ఆయన ఏం చేసేవారని అడుగుతారు. మై హస్బెండ్ వర్క్‌డ్ హియర్ ఫర్ మెనీ ఇయర్స్. అనమ్మా.”

“మై హస్బెండ్ హ్యాజ్ వర్క్‌డ్…” నేను ఇంట్లో పైకి చదివే పాఠాలు విని ఆ హ్యాజ్ అమ్మ నోటికి పట్టుకుంది.

“హ్యాజ్ వద్దు. హ్యాజ్ పెడితే ఇంకా పని చేస్తున్నట్టు.”

అమ్మ మళ్ళీ అదే అంది. ఎన్నిసార్లు చెప్పినా అదే అంది. పిల్లలెవరో నవ్వబోతే టీచరమ్మ చూపుతోనే ఆపింది.

“గా హ్యాజ్ ఉంటెనే మంచిగుంది టీచరమ్మా” అంది అమ్మ చాప వంక చూస్తూ. “ఉండనీయరాదుండ్రి?”

మాకెవరికీ తప్పు ఒక్కటి కూడా వదలని మనిషి అమ్మ చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని మెల్లగా అంది: “ఉండకూడదమ్మా.”

ఆఫీసుకు వెళ్ళిన రోజు అమ్మ మధ్యాహ్నం ఎండలో నడిచి వచ్చింది. చెప్పులు విప్పకుండానే గడపలో కూలబడింది.

“అడిగిండా?” అంది పెద్దమ్మ.

“అడిగిండు.”

“ఏమన్నవు?”

“తప్పు లేకుంట జెప్పిన, అక్కా. తప్పు లేకుంట…”

అంతే, నేల మీద పడి గోడకు తల కొట్టుకుంటూ ఏడ్చింది. పెద్దమ్మ ఆపలేదు. తమ్ముడు భయపడి నా వెనక దాక్కున్నాడు. ఇక బాపు రాడని నాకు ఆ మధ్యాహ్నమే తెలిసింది.

ఉద్యోగం వచ్చింది. బాపు నడిచిన గేటులోంచే అమ్మ రిటైరయ్యేదాకా నడిచింది. టీచరమ్మ పోయింది, ఆమె వరండా ఉన్నచోట హాస్టలు లేచింది. మేమున్న క్వార్టర్ల వరసను కూడా కూలగొట్టారని విని, పోయిన నెల అమ్మను ఆటోలో తీసుకెళ్ళాను. రేకుల కంచె, లోపల ఇటుక ముక్కలు, వాటి మధ్య పిచ్చి తుమ్మలు.

“దిగుతవా అమ్మా?”

అమ్మ కంచె వైపు చూడలేదు. కొంగు సర్దుకుంది.

“పోనీ బాబూ” అంది ఆటో అతనితో.